రెండు తెరల లాప్‌టాప్‌తో పది నెలలు: ఒక ప్రూఫ్‌రీడర్ అనుభవం

ఒకే పేరాలో రెండు లైన్లు ‘అన్నాడు’ అనే మాటతో ముగిశాయంటే ప్రూఫు దిద్దేవాళ్లకు గండమే. మొదటి ‘అన్నాడు’ దగ్గర మూలప్రతి మీంచి కన్ను తీసి, టైపు చేసిన పేజీ చూసి, మళ్లీ మూలప్రతికి వెళ్లేసరికి చూపు రెండో ‘అన్నాడు’ దగ్గర ఆగుతుంది. మధ్యలో ఒక లైను మొత్తం ఎగిరిపోతుంది. అర్థం చెడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండేళ్ల కిందట నేను దిద్దిన ఒక కథల సంపుటిలో ఇలాగే ఒక లైను పోయింది. పుస్తకం అచ్చయి వచ్చాక రచయిత కూతురు ఫోన్ చేసి, “అక్కా, నాన్నగారి కథలో అమ్మ పలికే మాట ఒకటి ఉండాలి, కనిపించట్లేదు” అంది. తప్పు నాదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను రెండు తెరల లాప్‌టాప్ కొన్నది ఆ ఒక్క లైను కోసం. ఇంట్లో వాళ్లు ఎందుకింత డబ్బు అని అడిగితే ఇదే చెప్పాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. పందొమ్మిదేళ్లుగా డీటీపీ (కంప్యూటర్లో పుస్తకం పేజీలు కూర్చడం), ప్రూఫులు చేస్తున్నాను. ఎక్కువగా పాత పుస్తకాల పునర్ముద్రణ పనులే వస్తాయి. ఒకవైపు పాత అచ్చు స్కాన్ పీడీఎఫ్, ఇంకోవైపు కొత్తగా కంపోజ్ చేసిన ఫైలు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది కనుక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊపిరాడదు. మా నాన్న కూడా ప్రెస్సులో ప్రూఫ్‌రీడరే. ఆయన పక్కన కాపీ హోల్డరు ఒకాయన కూర్చుని మూలప్రతి పైకి చదివేవాడు, కామాలు, కొటేషన్లు, పేరా మార్పులతో సహా. నాన్న కన్ను ప్రూఫు మీంచి కదిలేది కాదు. అందుకే ఆయన చేతిలో లైన్లు పోయేవి కావు. ఇప్పుడు పక్కన కూర్చుని చదివిపెట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? నాకు ఆ మనిషి స్థానంలో రెండో తెర వచ్చింది.

నేను కొన్నది ఏ కంపెనీదో రాయడం లేదు. ఇక్కడ చెప్పేవన్నీ దాదాపుగా ఈ తరహా లాప్‌టాప్‌లన్నిటికీ వర్తించేవే. నాది 14 అంగుళాల తెరలు రెండు, మధ్యలో కీలు, పైన పెట్టి వాడుకునే విడి కీబోర్డు, వెనక మడతస్టాండు. కీబోర్డును కింది తెర మీద పెడితే మామూలు లాప్‌టాప్‌లా ఉంటుంది. తీసి టేబుల్ మీద పెట్టుకుంటే ఒకదాని మీద ఒకటి రెండు తెరలు.

కొనేముందు మూడు నెలలు ఈ సంగతులే చదివాను. ఈ ఆలోచన కొత్తది కాదు. 2009 ప్రాంతంలో లెనోవో థింక్‌ప్యాడ్ డబ్ల్యూ700డీఎస్ అని ఒకటి అమ్మింది. 17 అంగుళాల తెర వెనక నుంచి సొరుగులాగా ఇంకో చిన్న తెర బయటికి వచ్చేది. 2010లో తోషిబా లిబ్రెట్టో డబ్ల్యూ100లో పుస్తకం విప్పినట్టు రెండు 7 అంగుళాల టచ్ తెరలు ఉండేవి. 2019లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ నియో అని రెండు తెరల యంత్రం చూపించింది గానీ అది మార్కెట్లోకి రాలేదు. అదే ఏడాది ఆసుస్ జెన్‌బుక్ ప్రో డ్యుయో తెచ్చింది. అందులో కీబోర్డు పైభాగాన వెడల్పాటి పట్టీలాంటి రెండో తెర ఉంటుంది. పూర్తిస్థాయి తెరలు రెండూ ఉండి కీబోర్డు విడిగా వచ్చే రకం 2023లో లెనోవో యోగా బుక్ 9ఐతో, 2024లో ఆసుస్ జెన్‌బుక్ డ్యుయోతో జనానికి బాగా తెలిసింది.

పట్టీ తెర రకం నా పనికి పనికిరాదని షోరూములో పది నిమిషాలు చూశాకే తేలిపోయింది. ఆ పట్టీలో స్కాన్ పేజీ పెడితే నాలుగైదు లైన్లకు మించి కనపడవు. పైగా కీబోర్డు ముందంచుకు జరిగిపోతుంది, అరచేతులు ఆన్చుకునే చోటు ఉండదు. వీడియో ఎడిటింగ్ చేసే మా తమ్ముడి స్నేహితుడికి మాత్రం అదే నచ్చింది. టైంలైన్ అంతా కింద పట్టీలో పరుచుకుని, పైన బొమ్మ నిండుగా చూసుకుంటాడు. ఎవరి పని వాళ్లది.

ఇక నా టేబుల్ దగ్గరికి వస్తాను. పొద్దున్నే స్టాండు విప్పి రెండు తెరలూ ఒకదాని మీద ఒకటిగా నిలబెడతాను. పై తెరలో స్కాన్, కింది తెరలో కంపోజ్ చేసిన ఫైలు. రెండిటి జూమ్ సరిచేసి, అచ్చు లైను వెడల్పు, నా లైను వెడల్పు సమానమయ్యేలా చూసుకుంటాను. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. పాత పుస్తకంలో లైను ఎక్కడ విరిగిందో నా ఫైల్లో కూడా అక్కడే విరగ్గొట్టుకుంటే, పై తెర అట్టడుగున ఉన్న లైనూ, కింది తెర తలమీద ఉన్న లైనూ ఎదురెదురుగా వస్తాయి. నడుమ ఉండేది ఆ కీలు సందే, బొటనవేలంత. మెడ తిప్పక్కర్లేదు, కన్ను మాత్రం పైకీ కిందికీ వెళ్తుంది. స్క్రోల్ ఒక్కో లైను చొప్పున రెండు చోట్లా జరుపుకుంటూ పోతాను. పైన ‘క’ కింద ‘క’ ఉండాలి. ఒక అక్షరం తగ్గినా లైను పొట్టిగా కనిపించి కంటికి కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. ‘అన్నాడు’ గండం ఈ పది నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

పక్కపక్కన రెండు కిటికీలు పెట్టుకుని నేను ఇన్నేళ్లూ ఇదే పని చేశాను కదా, తేడా ఏముంది అనొచ్చు. ఉంది. పాత లాప్‌టాప్ 15.6 అంగుళాలది. దాన్ని సగం చేస్తే ఒక్కో సగంలో అక్షరం చీమంత అవుతుంది. పెద్దది చేస్తే లైను చివర్లు తెర బయటికి పోతాయి. పాత తెలుగు అచ్చులో ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉండే చిన్న గీత. సీసపు టైపు అరిగిపోయిన పుస్తకాల్లో ఆ గీత సగమే పడుతుంది. అరసున్నా అయితే మరీ కష్టం, కాగితం మీది మచ్చో, సున్నాలో సగమో తెలియదు. బండి ‘ఱ’ను ‘ఋ’ అనుకుని టైపు చేసిన చోట్లు కూడా ఉంటాయి. ఇప్పుడు స్కాన్‌కు ఒక తెర మొత్తం దొరుకుతుంది కాబట్టి పెద్దగా పెట్టి చూస్తాను. మొన్న ఒక పద్యకావ్యం దిద్దుతుంటే ఒక పద్యంలో గణం తప్పుతోంది. పై తెరలో పెద్దది చేసి చూస్తే, టైపు చేసిన అబ్బాయి ‘వాఁడున్’ అనే మాట చివర ఉన్న ‘న్’ వదిలేశాడని తేలింది. అదే పాత పద్ధతిలో అయితే ప్రింటు తీసుకుని భూతద్దం వెతుక్కునేదాన్ని.

రెండో విధానం యంత్రాన్ని అడ్డంగా తిప్పి పుస్తకంలా నిలబెట్టడం. అప్పుడు రెండు తెరలూ నిలువుగా పక్కపక్కన ఉంటాయి. 14 అంగుళాల తెర అలా తిప్పితే వెడల్పు సుమారు ఏడున్నర అంగుళాలు, ఎత్తు దాదాపు పన్నెండు. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ సైజువే, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. డెమ్మీ పేజీ అచ్చులో ఎంత ఉంటుందో తెర మీద కూడా అంతే నిలువునా కనిపిస్తుంది, చుట్టూ ఖాళీ మిగిలి మరీ. ఏ4 పేజీ మాత్రం వెడల్పులో పట్టదు, కొంచెం తగ్గించాలి. పేజీ మేకప్ (పేజీల కూర్పు) అయ్యాక ఎడమ పేజీ, కుడి పేజీ ఎదురెదురుగా ఇలా పెట్టి చూస్తే ఎక్కడ ఒంటరి లైను మిగిలింది, శీర్షిక పేజీ అడుగున ఎక్కడ ఇరుక్కుంది, అన్నీ వెంటనే కంటపడతాయి. నేను ప్రింటు తీయడం సగానికి సగం తగ్గింది.

కడప నుంచి ఒక మాస్టారు తన ఆత్మకథ రాతప్రతితో వచ్చారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఆయన దస్తూరీ స్కాన్ చేసి పై తెరలో పెట్టి, కింద టైపు అయినది చూపించాను. చాలాసేపు చూశారు.

“అమ్మాయ్, ఆ పై పలకలో ఉన్నది నా చేతిరాతేనా?”

“మీదే మాస్టారూ. కింది పలకలో పుస్తకంలోకి వచ్చేది.”

“అయితే ఆ రెండో పేరా కొట్టెయ్. రాసేటప్పుడు కోపంలో ఉన్నాను. అచ్చులో చూస్తుంటే వద్దనిపిస్తోంది.”

రెండూ ఒకేసారి కళ్లెదుట ఉంటే తప్ప ఆయన ఆ మాట అనేవారు కాదనిపించింది. అమెరికాలో ఉన్న ఒక రచయిత్రితో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడూ అంతే. పై తెర ఆవిడకు షేర్ చేసి, కింది తెరలో ఆవిడ చెప్పే మార్పులు రాసుకుంటాను. నా నోట్సు ఆవిడకు కనపడదు, ఆవిడ పేజీ నా కళ్లముందు నుంచి కదలదు.

బాగున్నవి ఇవి. ఇక కష్టాలు. ఇవి నిదానంగా చదవండి, ఎందుకంటే షోరూములో ఎవరూ చెప్పరు.

మొదటిది అద్దం మీద టైపింగ్. కీబోర్డు తెచ్చుకోవడం మర్చిపోతే కింది తెర మీదే కీబోర్డు బొమ్మ వస్తుంది, దానిమీద టైపు చేయొచ్చు అని ప్రకటనల్లో చూపిస్తారు. ఇంగ్లీషులో రెండు ముక్కల మెయిల్ రాయడానికి పరవాలేదు. తెలుగుకు పనికిరాదు. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేస్తాను. అది కంప్యూటర్లో తెలుగు మీటల అమరిక ఒకటి. అందులో ‘డి’ మీట పొల్లు. ‘క్త’ రావాలంటే క, పొల్లు, త అని మూడు మీటలు వరసగా పడాలి. అద్దం మీద వేలికి మీట అంచు తెలియదు. పొల్లు పడిందో లేదో తెలియకుండానే చెయ్యి ముందుకు వెళ్లిపోతుంది. ‘రక్తం’ కాస్తా ‘రకతం’ అవుతుంది, ‘భక్తి’ ‘భకతి’ అవుతుంది. ఒక సాయంత్రం అలా ఒక పేజీ కొట్టి, దాన్ని దిద్దడానికి కొట్టినదానికంటే ఎక్కువ సేపు పట్టి, ఇంక ఆ ప్రయత్నం మానేశాను. అసలు కీబోర్డు బాగుంది. కానీ అది బ్లూటూత్‌తో నడుస్తుంది. కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోతుంది, లేపడానికి కొట్టిన మొదటి మీట పడదు. చదువుతూ చదువుతూ ఒక్క అక్షరం దిద్దే నాబోటి వాళ్లకు ఇది రోజుకు యాభైసార్లు తగిలే రాయి. ఇప్పుడు ముందు షిఫ్ట్ ఒకసారి నొక్కి, తర్వాత అసలు మీట కొట్టడం అలవాటు చేసుకున్నాను.

రెండోది తెర మెరుపు. ఈ తెరలు ఓలెడ్ రకం, అంటే తెర మీది ప్రతి చుక్కా తనంతట తనే వెలిగేది, పైన నున్నటి అద్దం. నలుపు నలుపుగా, అక్షరం చెక్కినట్టుగా కనిపిస్తుంది, ఆ విషయంలో వంక పెట్టలేను. కానీ కింది తెర కాస్త వెల్లకిలా వాలి ఉంటుంది కదా, ఇంటి పైకప్పుకు ఉన్నవన్నీ అందులో కనిపిస్తాయి. మా గదిలో ట్యూబ్‌లైటు తెల్ల గీతలా పేజీ మధ్యలో పడేది. అంతకంటే ఫ్యానుతో చిక్కు. రెక్కల నీడ అక్షరాల మీదుగా తిరుగుతూనే ఉంటే పది నిమిషాల్లో తలనొప్పి. మే నెలలో విజయవాడలో ఫ్యాను ఆపి కూర్చోవడం అయ్యే పని కాదు. టేబుల్‌ను గోడవైపు జరిపి, ట్యూబ్‌లైటు బదులు పక్కనుంచి వెలుగు పడే టేబుల్ ల్యాంపు పెట్టుకున్నాను. మెరుపు తగ్గించే పల్చటి షీటు అతికిస్తే నీడ పోయింది గానీ అక్షరం చుట్టూ ఇసుక రాలినట్టు కనిపించింది. తీసేశాను.

బ్యాటరీ సంగతి. ఒక తెరతో నాకు ఏడు గంటలు దాకా వస్తుంది. రెండూ వెలిగిస్తే నాలుగున్నర, వెలుతురు ఎక్కువ పెడితే అంతకంటే తక్కువ. ఓలెడ్‌లో నల్లని భాగానికి కరెంటు పెద్దగా ఖర్చు కాదు, తెల్లని భాగానికే అవుతుంది. మా పనంతా తెల్ల పేజీలే. రెండు తెరల నిండా తెల్ల పేజీలు. నెలలో సగం రోజులు నేను తెనాలిలో అమ్మ దగ్గర ఉంటాను. అక్కడ వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోతే ఇదివరకు పట్టించుకునేదాన్ని కాదు, ఇప్పుడు గడియారం చూసుకుంటూ పని చేస్తున్నాను. తెర మీద ఎప్పుడూ ఒకేచోట ఉండే బొమ్మలు కాలక్రమంలో మచ్చలా నిలిచిపోయే గుణం కూడా ఓలెడ్‌కు ఉంది. అందుకని టాస్క్‌బార్ దానంతట అదే దాక్కునేలా పెట్టుకున్నాను.

ప్రయాణంలో వాడొచ్చు అనే ఆశ ఉంటే కొంచెం తగ్గించుకోండి. బరువు సమస్య కాదు, కీబోర్డుతో కలిపినా నా పాత లాప్‌టాప్ కంటే తేలికే. సమస్య జాగాది. రెండు తెరలు నిలబెట్టాలంటే వెనక స్టాండుకు, ముందు కీబోర్డుకు కలిపి మూర లోతు బల్ల కావాలి. శాతవాహన ఎక్స్‌ప్రెస్ చైర్‌కార్‌లో ముందు సీటు వెనకుండే పలక మీద పెట్టి చూశాను. స్టాండు అంచు జారింది, చేత్తో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. రైల్లో ఇప్పుడు కీబోర్డు పైన పెట్టి మామూలు లాప్‌టాప్‌లాగే వాడుతున్నాను. ప్రెస్సులో మాత్రం బల్లలు పెద్దవి, అక్కడ హాయిగా ఉంటుంది.

పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. మన ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే పాత ప్రోగ్రాంతో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో నడిచే పని చాలా ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇంత సన్నని చుక్కల తెరలు అప్పుడు మామూలు వాడుకలో లేవు. కొత్త తెరలో దాన్ని తెరిస్తే మెనూ అక్షరాలు ఆవగింజలంత కనిపించాయి, లేదంటే అంతా మసక. ప్రోగ్రాం గుర్తు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్ మార్చాక చదవడానికి వీలైంది. ఇన్‌డిజైన్‌తో, యూనికోడ్‌తో పనిచేసేవాళ్లకు ఈ బాధ లేదు. రెండు తెరలకూ స్కేలింగ్ శాతం (అక్షరాలు, బొమ్మలు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) ఒకటే ఉండేలా చూసుకోండి. వేర్వేరుగా ఉంటే కిటికీని ఒక తెర నుంచి ఇంకో తెరకు జరిపినప్పుడు సైజు మారిపోయి, నేను చెప్పిన లైను సమానం చేసుకోవడం కుదరదు. జరపడానికి మౌస్ అక్కర్లేదు. విండోస్, షిఫ్ట్ పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం మీట కొడితే కిటికీ అవతలి తెరకు వెళ్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఒక స్టేప్లర్ పిన్ను. ఆగస్టులో ప్రెస్సు నుంచి హడావిడిగా బయల్దేరుతూ కీబోర్డును కింది తెర మీద పెట్టి మూసేశాను. ప్రూఫు కాగితాల నుంచి ఊడిన పిన్ను ఒకటి నడుమ పడింది, చూసుకోలేదు. ఇంటికొచ్చి తెరిస్తే కింది తెర మీద వేలెడు గీత, దాని చివర సాలెగూడులా చిన్న పగులు. మామూలు లాప్‌టాప్‌లో కీబోర్డు ఉండే చోట ఇందులో అద్దం ఉంటుంది, అంటే పగలగలిగే భాగాలు రెండింతలు. సర్వీస్ సెంటర్‌లో తెర ఒక్కటీ మార్చడానికి చెప్పిన అంచనా యాభై రెండు వేలు. వారంటీలో ఇలాంటివి రావన్నారు, అది న్యాయమే. విడిభాగం బయటి ఊరు నుంచి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆ పదిహేడు రోజులూ పాత లాప్‌టాప్‌లో రెండు కిటికీలతో పని చేస్తుంటే, కాపీ హోల్డరు సెలవు పెట్టిన రోజున నాన్న ఎలా విసుక్కునేవారో గుర్తొచ్చింది. కొనేటప్పుడే ప్రమాదాలకు వర్తించే అదనపు రక్షణ ప్లాను తీసుకోండి. నేను నాలుగైదు వేలు మిగులుతాయని వద్దనుకున్నాను.

వెల సంగతి దాచను. ఈ తరహావి లక్షన్నర దాటే ఉంటాయి, మంచివి రెండు లక్షల పైకి కూడా వెళ్తాయి. నాకు లక్షా డెబ్భై వేలు దాటింది. రోజూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని పనిచేసేవాళ్లు ఇంత పెట్టక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపే నా స్నేహితురాలు అడిగితే వద్దనే చెప్పాను. తను సెంటర్ దాటి ఎక్కడా పనిచేయదు. ఉన్న కంప్యూటరుకు ఇంకో 24 అంగుళాల మానిటర్ తగిలించుకుంది, పదివేల చిల్లరలో అయిపోయింది. తన తెర నాదానికంటే పెద్దది, ఫ్యాను నీడ కూడా పడదు. తిరుగుతూ పనిచేసేవాళ్లకు యూఎస్‌బీ కేబులుతో నడిచే పల్చటి విడి మానిటర్లు కూడా ఉన్నాయి, పది, పదిహేను వేలల్లో వస్తాయి. అది నేను ముందు వాడి చూశాను. సంచిలో ఇంకో వస్తువు, ఇంకో కేబులు, ఇంకో స్టాండు. పైగా అది పక్కన ఉంటుంది, పైన ఉండదు. నాకు కావలసింది లైను కింద లైను. మూడు చోట్ల పనిచేస్తాను కాబట్టి, నా పని రోజంతా ఒకటి చూసి ఇంకోటి సరిచేయడమే కాబట్టి నాకు ఈ ఖర్చు సబబే అనిపిస్తోంది. అనువాదకులకు, కోర్టు కాగితాలు టైపు చేసేవాళ్లకు, లెక్కల పుస్తకాలు సరిచూసే ఆడిటర్లకు కూడా పనికొస్తుందనుకుంటాను. సినిమాలు చూడటానికి, మెయిళ్లు రాయడానికి అయితే రెండో తెర చాలాసార్లు ఖాళీగానే వెలుగుతుంది.

చూడటానికి షోరూముకు వెళ్లేటప్పుడు మీ పని ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. అక్కడ రంగురంగుల వీడియో వేసి చూపిస్తారు, దాన్ని ఆపించి మీ పేజీ తెరవమనండి. కీబోర్డు విడిగా తీసి అయిదు నిమిషాలు వదిలేసి, మళ్లీ ఒక తెలుగు వాక్యం కొట్టి మొదటి అక్షరం పడిందో లేదో చూడండి. తర్వాత నేరుగా లైటు కింద నిలబెట్టి కింది తెరలోకి చూడండి. పై కప్పు ఎంత కనిపిస్తుందో అక్కడే తెలుస్తుంది.